పాత పికప్ ఇంజిన్ విప్పి బిగించడం – 4వ పాఠం: సిలిండర్ కొలత

గత పాఠంలో హెడ్డు, ఆయిల్ సంపు విప్పాం. పిస్టన్లు తీసి, బేరింగ్ క్యాపులకు వరుస అంకెలు కొట్టాం. ఇప్పుడు బల్ల మీద ఉన్నది ఉత్త బ్లాకు, అంటే సిలిండర్లున్న పోత ఇనుప దిమ్మ. ఈ దశలో చాలామంది దాన్ని ట్రాలీ ఆటో ఎక్కించి నేరుగా బోరింగ్ షాపుకు, అంటే సిలిండర్లను చెక్కి వెడల్పు చేసే చోటుకు పంపేస్తారు. నల్లగొండలోనైనా మిర్యాలగూడలోనైనా మేస్త్రీ సిలిండర్ అంచున వేలు తిప్పి చూసి, "ఇరవై కొట్టేద్దాం సార్" అంటాడు, అంటే సిలిండర్‌ను అంగుళంలో ఇరవై వెయ్యోవంతులు వెడల్పు చేద్దామని. లారీ ఇంజిన్లతో ఏళ్ల తరబడి పనిచేసిన వేలు అది, చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. అయితే ఒకసారి చెక్కేసిన ఇనుము తిరిగి రాదు. కొలతలు రాసిన కాగితం మీ చేతిలో ఉన్నాకే బ్లాకు మీ గడప దాటాలి. ఈ పాఠమంతా ఆ కాగితం కోసమే.

కొత్తగా చేరినవారికి ఒక మాట. మనం పట్టుకున్నది మహీంద్రా ఎఫ్‌సీ పికప్. 1956 చివర్లో అమెరికాలో విల్లీస్ సంస్థ తెచ్చిన ఎఫ్‌సీ-150 నమూనాను తర్వాత మన దేశంలో మహీంద్రా తయారు చేసింది. ముందు బానెట్ లేకుండా, ఇంజిన్ మీదే క్యాబిన్ కూర్చున్న బండి అది. లోపల ఉన్నది హరికేన్ పెట్రోల్ ఇంజిన్: నాలుగు సిలిండర్లు, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 3.125 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకూ కదిలే దూరం) 4.375 అంగుళాలు, మొత్తం 2199 సీసీ. దీని కట్టడి కాస్త వింతగా ఉంటుంది. ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే సిలిండర్ పక్కన నిలబడి ఉంటాయి. ఈ పాఠంలో మొదటి పని దీనివల్లే వచ్చింది.

ఆ పని పగులు వెతకడం. ఎగ్జాస్ట్ వాల్వు సీటుకూ సిలిండర్‌కూ మధ్య ఇనుము సన్నగా ఉంటుంది, వేడంతా అక్కడే పడుతుంది. ఆ భాగాన్ని మెరిసేలా తుడిచి, కిరోసిన్ పూసి కాసేపు వదిలేయండి. తర్వాత పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి సుద్దపొడి రుద్దండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ ఊరి, సుద్ద మీద తడిగీతగా బయటపడుతుంది. గీత కనిపిస్తే కొలతలు పక్కన పెట్టి, ముందు ఆ బ్లాకు బాగవుతుందో లేదో తేల్చుకోండి. పగిలిన బ్లాకుకు కొత్త పిస్టన్లు కొనడం డబ్బు దండగ.

రెండోది నీటి దారులు. బోరుబావి నీళ్లు పోసి నడిపిన రేడియేటర్ బండి మన జిల్లాల్లో లేని ఊరు ఉండదు. ఆ నీటిలోని సున్నం బ్లాకు లోపలి గోడలకు గట్టి పొరలా పట్టేస్తుంది. నీటి పంపు ముందువైపు ఉంటుంది కాబట్టి వెనకనున్న నాలుగో సిలిండర్ చుట్టూ పేరుకున్న పొరను ప్రత్యేకంగా చూడాలి. పక్కనున్న రేకు ప్లగ్గులు ఊడదీసి, గట్టి తీగతో గీకి, నీళ్లు ఒత్తిడితో కొట్టండి. ఈ పని బోరింగ్ తర్వాత చేస్తే రాలిన రజను కొత్త గోడల మీద పడుతుంది, అందుకే ఇప్పుడే ముగించాలి.

ఇక కొలత. డయల్ బోర్ గేజ్ (సిలిండర్ లోపలి వ్యాసం కొలిచే పరికరం), మూడు నుంచి నాలుగు అంగుళాల మైక్రోమీటర్ కావాలి. కొనలేకపోతే అడిగి తెచ్చుకోవచ్చు. మెకానిక్కులు అంగుళంలో వెయ్యోవంతును థౌ అంటారు, మనమూ అలాగే అందాం. ఒక థౌ అంటే 0.0254 మిల్లీమీటర్లు.

ఒక జాగ్రత్త. మే నెలలో బ్లాకును ఎండలో ఉంచి కొలవకండి. పోత ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది. ఈ సైజు బోరు 25 డిగ్రీల తేడాకే దాదాపు ఒక థౌ పెరుగుతుంది. బ్లాకు, మైక్రోమీటర్ రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉండాలి. తెల్లవారాక, ఎండ ఎక్కకముందే కొలత ముగించండి. ఎండలో కాగిన బ్లాకును ఫ్యాను కింద పెట్టి వెంటనే కొలిచేవారిని చూస్తుంటాను. వాళ్ల అంకెలను నేను నమ్మను.

ప్రతి సిలిండర్‌ను మూడు ఎత్తుల్లో కొలవాలి: పై అంచు కింద రింగు ఆగిన గుర్తుకు కాస్త దిగువన, నడుమ, అడుగున. ప్రతి ఎత్తులోనూ రెండు దిశలు: క్రాంకు పొడవునా ఒకటి, దానికి అడ్డంగా ఒకటి. ఒక్కో సిలిండర్‌కు ఆరు అంకెలు. పిస్టన్ పక్కకు నెట్టుకునేది అడ్డదిశలోనే కాబట్టి అరుగుదల అక్కడే ఎక్కువ.

ఉదాహరణకు రెండో సిలిండర్‌లో పైన అడ్డంగా 3.134, పొడవునా 3.131 వచ్చిందనుకోండి. అడుగున అడ్డంగా 3.127 వచ్చింది. పైన రెండు దిశల మధ్య తేడా 3 థౌ, అంటే బోరు గుండ్రం తప్పింది. పైకీ కిందకూ తేడా 7 థౌ, అంటే గరాటులా పైన వెడల్పైంది. గుండ్రం తప్పడమైనా, పైన వెడల్పవడమైనా 5 థౌ దాటితే కొత్త రింగులు వేసి సరిపెట్టుకోవద్దు. పైకి వచ్చినప్పుడు విచ్చుకుంటూ, కిందికి పోయినప్పుడు ముడుచుకుంటూ రింగు ఎక్కువకాలం నిలవదు. ఈ సిలిండర్‌కు బోరింగ్ తప్పదు.

ఎంత సైజు? అసలు బోరు 3.125కు 10 థౌ పెంచితే 3.135 అవుతుంది, అరిగిన చోట ఇప్పటికే 3.134 ఉంది. మిగిలింది ఒక్క థౌ. బోరింగ్ తర్వాత గోడను రాతితో సన్నగా రుద్దే హోనింగ్‌కే రెండు మూడు థౌలు కావాలి. కాబట్టి 20. మేస్త్రీ వేలు చెప్పిందీ అదే, కానీ ఇప్పుడు కారణం మీకు తెలుసు. నాలుగు సిలిండర్లూ ఒకే సైజులో ఉండాలి గనుక, అన్నిటికంటే ఎక్కువ అరిగినదే మిగతా మూడింటి సైజునూ నిర్ణయిస్తుంది. ఈ ఇంజిన్‌కు 40 థౌ వరకు పిస్టన్లు వస్తాయి. అదీ దాటితే స్లీవులు (సిలిండర్ లోపల కూర్చోబెట్టే ఇనుప గొట్టాలు) దించి మళ్లీ అసలు కొలతకు తెచ్చుకోవాలి.

అంకెలను కేవలం సైజు కోసం చూడకండి, బండి చరిత్ర కూడా అందులో ఉంటుంది. నాలుగింటిలోనూ పైభాగం ఒకేలా అరిగితే దుమ్మును అనుమానించాలి. చెల్క నేలల ఎర్రదుమ్ము, నూనె ఎండిపోయిన ఎయిర్ క్లీనర్ కలిస్తే ఇంజిన్ లోపల గరుకు కాగితం నడిచినట్టే. ఒక్క సిలిండరే అరిగితే కారణం దాని దగ్గరే ఉంటుంది: విరిగిన రింగు, వంగిన రాడ్డు, లేదా ఆ మూలకు చేరని నీళ్లు. ఆ కారణాన్ని పట్టకుండా బోరింగ్ చేస్తే అదే సిలిండర్ మళ్లీ అరుగుతుంది.

బోర్ గేజ్ దొరకనివారికి ఒక పాత పద్ధతి ఉంది. ఒక పిస్టన్ రింగును బోరులో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టండి. రింగు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నని రేకులతో) కొలవండి. పైన ఒకసారి, అడుగున ఒకసారి. రెండింటి తేడాను 3.14తో భాగిస్తే పైకీ కిందకూ ఉన్న వ్యాసం తేడా వస్తుంది. సందులో 22 థౌ తేడా ఉంటే వ్యాసంలో తేడా 7 థౌ. అయితే గుండ్రం తప్పిన సంగతి ఈ పద్ధతిలో తెలియదు. బోరింగ్ అవసరమా కాదా అని తేల్చుకోవడానికి మాత్రం చాలు.

షాపుకు వెళ్లేముందు పిస్టన్లు కొనండి. చేతిలో ఉన్న పిస్టన్‌ను కొలిచి, దాని పెట్టె మీద ఇచ్చిన సందు వదిలి, దానికి తగ్గట్టే సిలిండర్ బోరు చేయాలి. ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో అంకె వేయించండి. బోరింగ్ తర్వాత హోనింగ్ గీతలు చాప అల్లికలా ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ కనిపించాలి. నూనె నిలిచేది ఆ గీతల్లోనే. అద్దంలా మెరిసే గోడ చూడడానికి బాగుంటుంది గానీ రింగు దానికి కుదురుకోదు.

ఇంటికి తెచ్చాక సిలిండర్లను పెట్రోల్‌తో కడగకండి. అది నూనెను తీసేస్తుంది, గీతల్లో ఇరుక్కున్న రాతిపొడిని మాత్రం వదిలేస్తుంది. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్‌తో రుద్దండి. తెల్లగుడ్డకు నూనె అద్ది లోపల తుడిస్తే బూడిదరంగు అంటకూడదు. అంటితే మళ్లీ కడగాలి. తడి ఆరగానే ఇంజిన్ ఆయిల్ పూయండి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది.

ఐదో పాఠం క్రాంకు షాఫ్ట్ మీద. దానికి రెండు నుంచి మూడు అంగుళాలు, ఒకటి నుంచి రెండు అంగుళాలు చదివే మైక్రోమీటర్లు రెండూ, ప్లాస్టిగేజ్ తీగ (బేరింగ్ సందు కొలవడానికి వాడే మెత్తని ప్లాస్టిక్ తీగ) ఒక ప్యాకెట్టు సిద్ధం చేసుకోండి. పాత బేరింగ్ షెల్సు పారేయకండి, వాటి వెనక సైజు అంకె ఉంటుంది. కనపడకపోతే గుడ్డకు పెట్రోల్ అద్ది రుద్ది చూసి, అంకెను రాసి పెట్టుకోండి.