మేక్ ఇట్ – రెండో విడత: చేరామా, చేరలేదా?

పోయినసారి ఇంగ్లీషులో 'మేక్ ఇట్' అంటే సమయానికి చేరుకోవడం అని చెప్పి ఊరుకున్నాను. తప్పు నాదే. మీరు రాసి పంపినవాటిలో సగం ఇవే: 'ఎస్టర్‌డే ఐ కుడ్ మేక్ ఇట్ టు ద స్టేషన్.' ఈ 'కుడ్' సంగతి తేలేదాకా ముందుకు వెళ్ళను.

మనసులో 'చేరుకోగలిగాను' అనుకుంటాం. 'గలిగాను' ఉంది కదా అని 'కుడ్' తగిలిస్తాం. అక్కడే బోల్తా. పొద్దున్నే విశాఖలో అరకు వెళ్ళే కిరండోల్ పాసింజర్ ఎక్కాలి, మద్దిలపాలెంలో ఆటో దొరకలేదు, ఎలాగో గార్డు జెండా ఊపేలోపు ఎక్కేశారు. ఒక్కసారి జరిగి, అయిపోయిన పని అది. దానికి 'ఐ మేడ్ ఇట్' చాలు. పడ్డ ఆయాసం కూడా తెలియాలంటే 'ఐ మేనేజ్డ్ టు మేక్ ఇట్'. 'ఐ కుడ్ మేక్ ఇట్' అంటే 'వీలైతే రావచ్చు' అన్నట్టు వినిపిస్తుంది. అరకులో దిగి బొంగు చికెన్ తింటూ ఫోన్‌లో ఆ మాటంటే, మీరింకా ఇంట్లోనే ఉన్నారనుకుంటారు!

రైలు తప్పిపోయిందా, 'ఐ కుడ్ నాట్ మేక్ ఇట్' అని నిక్షేపంగా అనొచ్చు. చేరితే కుడ్ వద్దు, చేరకపోతే కుడ్ ముద్దు. నవ్వండి, నేను మాత్రం ఇలాగే గుర్తుపెట్టుకున్నాను.

ఇందులో 'ఇట్' అంటే ఏమిటని అడిగారు. ఏమీ లేదు. 'ఇరగదీశాడు' అంటే ఏం విరిచాడని అడుగుతామా?

ఇక రెండో అర్థం, ప్రాణాలతో బయటపడటం. 1971 డిసెంబరులో మన విశాఖ తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గురించి 'ద ఘాజీ నెవర్ మేడ్ ఇట్ హోమ్' అనొచ్చు. ('హోమ్' ముందు 'టు' రాదు, చూసుకోండి.) 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక కైలాసగిరి మీద 'మెనీ ట్రీస్ డిడ్ నాట్ మేక్ ఇట్'. 'హీ డిడ్ నాట్ మేక్ ఇట్' అని పెళ్ళిపందిట్లో అంటే ఆయన రాలేకపోయాడని. అదే మాట ఐసీయూ బయట డాక్టరు అంటే, ఎప్పుడొస్తాడని అడక్కండి.

పైకి రావడం అనే అర్థం మీకు తెలిసిందే, వదిలేస్తున్నా. బీచ్‌లో రెండు మురీ మిక్చర్ చెప్పాక ఇంకో స్నేహితుడు ఊడిపడితే 'మేక్ ఇట్ త్రీ'. అది వేరే దారి, వచ్చేసారి చూద్దాం.

అభ్యాసం: వారం పాటు రోజుకు మూడు వాక్యాలు, అన్నీ మీకు నిజంగా జరిగినవే. ఇరవై ఒకటిలో ఒక్క 'కుడ్' తప్పు దొర్లినా మళ్ళీ మొదటి నుంచి రాయాలి. సింహాచలం మెట్లు సగంలో ఆపేసినవాళ్ళకు దిగులక్కర్లేదు, 'కుడ్ నాట్' ఉంది.