ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్ కావాలంటే: పదో తరగతి నుంచి ప్లాంటు దాకా

రామగుండంలో ఎన్టీపీసీ, యూరియా తయారుచేసే ఆర్‌ఎఫ్‌సీఎల్, చెల్పూరులో కాకతీయ థర్మల్, జైపూర్‌లో సింగరేణి విద్యుత్ కేంద్రం, కాగజ్‌నగర్‌లో పేపర్ మిల్లు. వీటన్నిటిలో ఇన్‌స్ట్రుమెంట్ పని ఉంటుంది. బాయిలర్ డ్రమ్ములో నీళ్లు ఎంతున్నాయో, ఆవిరి ఎంత వేడిగా ఉందో కంట్రోల్ రూముకు తెలిసేది ఈ పరికరాల వల్లే. విద్యుత్ కేంద్రాల్లో ఈ విభాగాన్ని సీ అండ్ ఐ (కంట్రోల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్) అంటారు.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. దగ్గర్లోని ఐటీఐలో ఆ ట్రేడ్ లేకపోతే ఎలక్ట్రానిక్స్ మెకానిక్ గానీ ఎలక్ట్రీషియన్ గానీ తీసుకోండి. అయితే నోటిఫికేషన్లలో ట్రేడ్ పేరు చూసి వడపోస్తారు కాబట్టి అసలు ట్రేడ్ దొరికితే వదలొద్దు. రెండో దారి పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా చేయడం. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలో చేరే వీలు కూడా ఉంటుంది.

కోర్సు అయ్యాక అప్రెంటిస్‌షిప్ తప్పనిసరి అనే అనుకోండి. ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో, డిప్లొమా వాళ్లు నాట్స్ పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేసుకోవాలి. అప్రెంటిస్‌షిప్ చేసినంత మాత్రాన పర్మనెంట్ ఉద్యోగం రాదు. కానీ నడుస్తున్న ప్లాంటులో చెయ్యి తిరిగేది అక్కడే.

ఇంట్లో లూప్ కట్టి చూడండి

ఈ పనికి ప్రాణం 4–20 మిల్లీఆంప్ లూప్, అంటే కొలిచిన విలువను 4 నుంచి 20 మిల్లీఆంప్ కరెంటుగా మార్చి కంట్రోల్ రూముకు పంపే సర్క్యూట్. పుస్తకంలో చదివితే అంతుపట్టదు, ఒకటి కట్టి చూడాలి. 24 వోల్టుల డీసీ సప్లై, వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే మూడు వైర్ల పీటీ100 సెన్సర్, ఆ మార్పును కరెంటుగా మార్చే 0–100 డిగ్రీల హెడ్ ట్రాన్స్‌మిటర్, 250 ఓమ్స్ రెసిస్టర్, మల్టీమీటర్ ఉంటే చాలు.

ముందు సెన్సర్‌ను ఒక్కదాన్నే పరీక్షించండి. మంచు కలిపిన నీళ్లలో పెడితే 100 ఓమ్స్ రావాలి. మరిగే నీళ్లలో 138 దగ్గర ఉండాలి. పుస్తకంలోని 138.5 సరిగ్గా 100 డిగ్రీలకు. వరంగల్ ఎత్తులో నీళ్లు దాదాపు 99 డిగ్రీలకే మరుగుతాయి. ఒక డిగ్రీకి 0.385 ఓమ్ మాత్రమే మారుతుంది కాబట్టి వైరు రెసిస్టెన్స్ 0.4 ఓమ్ ఉన్నా రీడింగు ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. అందుకే మూడో వైరు. ఒకే రంగున్న రెండు వైర్ల మధ్య వచ్చిన విలువను తీసేస్తే సెన్సర్ అసలు విలువ తేలుతుంది.

తర్వాత సప్లై, ట్రాన్స్‌మిటర్, రెసిస్టర్‌లను సిరీస్‌లో కలపండి. నీళ్లు 30 డిగ్రీలుంటే 8.8 మిల్లీఆంప్ రావాలి, రెసిస్టర్ మీద 2.2 వోల్టులు కనిపించాలి. చాలామంది మీటర్ లీడును మిల్లీఆంప్ సాకెట్‌లోనే వదిలేసి సప్లై వోల్టేజ్ చూడబోతారు. లోపలి ఫ్యూజు పోతుంది. ఆ తర్వాత కరెంటు సున్నా చూపిస్తుంటే ట్రాన్స్‌మిటర్ పాడైందనుకుంటారు.

రీడింగు తప్పితే ఎక్కడ వెతకాలి?

0–10 బార్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ ఉంది, పక్కన గేజ్ 6 బార్ చూపిస్తోంది అనుకుందాం. లూప్‌లో 13.6 మిల్లీఆంప్ ఉండాలి. ఉండి కూడా కంట్రోల్ రూములో అంకె తేడాగా ఉంటే రేంజ్ సెట్టింగో, అక్కడ ఆ కరెంటును అందుకునే ఇన్‌పుట్ కార్డో చూడాలి. అసలు కరెంటే లేకపోతే ఫ్యూజు, టెర్మినల్, తెగిన వైరు. కరెంటు వస్తున్నా 13.6కు దూరంగా ఉంటే ట్రాన్స్‌మిటర్ వైపు వెళ్లాలి.

అక్కడికెళ్లగానే ట్రాన్స్‌మిటర్ జీరో సెట్టింగును తిప్పడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. బొగ్గు ప్లాంటుల్లో ఫర్నేస్ డ్రాఫ్ట్ (కొలిమి లోపలి స్వల్ప ప్రెషర్) ఇంపల్స్ లైన్లలో, అంటే ఆ ప్రెషర్‌ను ట్రాన్స్‌మిటర్‌కు చేర్చే సన్న గొట్టాల్లో, బూడిద పట్టేస్తుంది. అప్పుడు కంట్రోల్ రూములో ట్రెండ్ (రీడింగుల గ్రాఫ్) కదలకుండా గీత గీసినట్టు ఉంటుంది. లైనును గాలితో ఊదితే సరిపోతుంది, కానీ ముందు ట్రాన్స్‌మిటర్‌ను లైను నుంచి వేరు (ఐసొలేట్) చేయాలి. దాని రేంజ్ కొన్ని పదుల మిల్లీమీటర్ల నీటి మట్టమే. ఎయిర్ లైను ప్రెషర్ నేరుగా తగిలితే డయాఫ్రమ్ దెబ్బతింటుంది.

కాలిబ్రేషన్‌లో, అంటే పరికరం సరిగ్గా కొలుస్తోందో సరిచూసేటప్పుడు, 0, 25, 50, 75, 100 శాతం ప్రెషర్ ఇచ్చి 4, 8, 12, 16, 20 మిల్లీఆంప్ వస్తున్నాయో లేదో చూస్తారు. పైకి వెళ్తూ ఒకసారి, కిందికి దిగుతూ ఒకసారి. సరిచేయకముందు వచ్చిన అంకెలనూ రాసి పెట్టాలి. లేకపోతే పరికరం రీడింగు ఎంత పక్కకు జరిగిందో తర్వాత ఎవరికీ తెలియదు.

డీపీ ట్రాన్స్‌మిటర్ రెండు వైపుల ప్రెషర్ల తేడాను కొలుస్తుంది. మూడు వాల్వుల మానిఫోల్డ్ ఉన్నదాన్ని తీసేటప్పుడు హై-సైడ్ (ఎక్కువ ప్రెషర్ వైపు) వాల్వు మూసి, రెండు వైపులనూ కలిపే ఈక్వలైజింగ్ వాల్వు తెరిచి, చివరగా లో-సైడ్ (తక్కువ ప్రెషర్ వైపు) వాల్వు మూయాలి. మూడూ ఒకేసారి తెరిచి ఉంటే వేడి ద్రవం దాని గుండా పారుతుంది, లేదా వెట్ లెగ్ (ఎప్పుడూ ద్రవంతో నిండి ఉండాల్సిన గొట్టం) ఖాళీ అవుతుంది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పర్మిట్ తీసుకుని, కంట్రోల్ రూములోని డెస్క్ ఆపరేటర్‌కు పరికరం ట్యాగ్ నంబర్ చదివి వినిపించి, లూప్‌ను మాన్యువల్‌లో పెట్టించండి. ఇంటర్‌లాక్ (ప్రమాదకర రీడింగు వస్తే యంత్రాన్ని తానే ఆపేసే ఏర్పాటు) ఉంటే రాతపూర్వక అనుమతితోనే బైపాస్ చేయించాలి. డ్రమ్ లెవెల్ వైరు చెప్పకుండా విప్పితే యూనిట్ ట్రిప్ కావచ్చు, అంటే ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

మరో మాట: చేరేముందు మెడికల్‌లో రంగుల గుర్తింపు పరీక్ష పెట్టే చోట్లు ఉన్నాయి. వైర్లు, ఇండికేషన్ లైట్లు రంగులతోనే తెలుస్తాయి కాబట్టి, ఈ ట్రేడ్ ఎంచుకోకముందే కళ్లు చూపించుకోండి.