గోదావరి గట్టున వ్యూ పాయింట్ కట్టాలంటే
చోటు వేసవిలో కాదు, ఆగస్టులో చూడండి. 1986 వరదకి నీళ్లు ఏ గుడి మెట్టుదాకా, ఎవరింటి అరుగుదాకా వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లని అడగండి, ప్లాట్‌ఫాం నేల ఆ గుర్తుకి పైనే ఉండాలి. ఔలీ, గుల్మార్గ్ లాంటి స్కీయింగ్ కొండల మీదైతే మంచు బరువు లెక్కేస్తారు. మనకి జనం బరువు, వరద తోపుడు, దాంతో కొట్టుకొచ్చే దుంగల దెబ్బ. పుష్కరాలకి ఎంతమంది ఎక్కుతారో తెలిసిందే కదా, అందుకే చదరపు మీటరుకి 500 కిలోలు మోసేలా డిజైన్ చెయ్యమని ఇంజనీరుకి గట్టిగా చెప్పండి.

గట్టుని మాత్రం తవ్వొద్దు. దయచేసి! అక్కడ బలహీనపడితే గండి పడేది ఊరి మీదకే, ఇరిగేషన్ వాళ్ల అనుమతి లేకుండా గడ్డపార కూడా దించకండి.

నల్లమట్టి వానకి ఉబ్బి ఎండకి బీటలు తీస్తుంది కాబట్టి పైల్స్ పునాదే (నేల లోతుకి దించే కాంక్రీటు స్తంభాల మీద నిలిచే పునాది) మేలు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి. రెయిలింగ్ 1.2 మీటర్ల ఎత్తు, ఊచల మధ్య 10 సెంటీమీటర్లు దాటకూడదు, పిల్లలు దూరిపోతారనే టెన్షన్ ఉండదు.

రాజమండ్రి వైపు ఒడ్డునైతే పడమరకి ఒక్క స్తంభం కూడా అడ్డం పెట్టకండి, సాయంత్రం సూర్యుడు నీళ్లలోకి దిగేది అటే.