మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, హెడ్‌లైట్ మాత్రం వెలగదు

హెడ్‌లైట్ పోయిందని తెచ్చే కార్లలో సగానికి పైగా బల్బు మార్చగానే బాగైపోతాయి. మిగతావాటిలో, నా దగ్గరికి రాకముందే బల్బు, రిలే (స్విచ్ సైగ అందుకుని లైటుకు పెద్ద కరెంటు కలిపే చిన్న డబ్బా), ఒక్కోసారి స్విచ్ కూడా మార్చేసి ఉంటారు. కానీ ఒక్క నిమిషం పట్టే పరీక్ష మాత్రం ఎవరూ చేసి ఉండరు. ఎడమ లైటు పోయిందనుకోండి, ఆ బల్బు తీసి కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టి చూడండి. చీకటి బల్బుతోపాటు కుడివైపుకు వెళ్తే తప్పు బల్బుది. ఎడమవైపే ఉండిపోతే తప్పు వైరింగుది. దీనికి మీటరు అక్కర్లేదు, కొత్త బల్బు కొనాల్సిన పనీ లేదు. హాలోజన్ గాజును మాత్రం వేళ్లతో ముట్టుకోకండి, చర్మం మీది జిడ్డు అంటుకున్న చోట గాజు అతిగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

రెండు లైట్లూ ఒకేసారి పోయాయా?

ఈ మాట అన్నవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: "నిజంగా ఒకేసారి పోయాయా?" చాలాసార్లు ఒకటి పోయి నెల దాటి ఉంటుంది. రెండోది వెలుగుతోంది కదా అని ఎవరూ పట్టించుకోరు. అదీ పోయిన రాత్రి "రెండూ ఒక్కసారే పోయాయి, ఏదో పెద్ద సమస్యే" అని టెన్షన్ మొదలవుతుంది. రెండు బల్బులూ ఒకే రోజు వేసినవైతే కొద్ది రోజుల తేడాలో రెండూ పోవడంలో వింతేమీ లేదు.

ఇంకో సంగతి, డిప్పర్ కొట్టి చూడండి. హై బీమ్ వెలుగుతూ లో బీమ్ మాత్రం రెండు వైపులా లేకపోతే, ముందు బల్బుల్లోని లో ఫిలమెంట్లనే అనుమానించండి. ఎక్కువ గంటలు వెలిగేది అదే, కాబట్టి ముందు పోయేదీ అదే. లో, హై రెండూ రెండు వైపులా లేకపోతే ఫ్యూజు, రిలే, స్విచ్, ఈ వరసలో వెళ్లండి. చాలా కార్లలో ఎడమ, కుడి లైట్లకు వేర్వేరు ఫ్యూజులు ఉంటాయి కాబట్టి ఒక వైపే పోయినా ఫ్యూజు చూడాల్సిందే. ఫ్యూజును కంటితో చూసి బాగుందనుకోవద్దు. లైటు ఆన్ చేసి, ఫ్యూజు వెనుక రెండు చివర్లలో కనిపించే లోహం మీద టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న పరీక్ష దీపం) పెట్టండి, రెండు చోట్లా వెలగాలి. రిలేకైతే పక్కనే ఉన్న అదే నంబరు రిలేతో మార్చి చూడండి, చాలాసార్లు హారన్‌ది సరిపోతుంది. కొత్త ఫ్యూజు వేసిన వెంటనే మళ్లీ పోతే ఇంకా పెద్ద ఫ్యూజు వేయకండి. ఎక్కడో వైరు బాడీకి తగులుతోందన్నమాట, పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది వైరే.

కరెంటు వస్తోంది, బల్బు మంచిదే, అయినా వెలగదు లేదా మసకగా వెలుగుతుంది

నేను బోల్తా పడింది ఇక్కడే. రెండు లైట్లూ దీపం పెట్టినట్టు మసకగా వెలిగే కారు ఒకటి వచ్చింది. కప్లర్ (బల్బు వెనుక తగిలించే వైర్ల ప్లగ్గు) ఊడదీసి రెండు పిన్నుల మధ్య మీటరు పెడితే 12.4 వోల్టులు చూపించింది. వైరింగ్ బాగుందని తేల్చేసి బల్బులు మార్చాను, తేడా లేదు. రిలే మార్చాను. ఆఖరికి స్టీరింగ్ కింది కాంబినేషన్ స్విచ్ కూడా తెప్పించి వేశాను. లైటు అలాగే ఉంది. తీరా చూస్తే తప్పంతా ముందు ప్యానెల్‌కు బిగించిన ఎర్త్ బోల్టు దగ్గర. బల్బులోంచి వచ్చిన కరెంటు బాడీ లోహం గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారే ఎర్త్. ఎప్పుడో ముందు భాగానికి పెయింట్ వేసినప్పుడు ఆ చోటును గీకకుండా రంగు మీదే బోల్టు బిగించేశారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

మీటరు అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన ప్రశ్నే తప్పు. డిజిటల్ మీటరు తీసుకునే కరెంటు ఎంత తక్కువంటే, తుప్పు పట్టిన బోల్టులోంచి కూడా అది హాయిగా వెళ్లిపోతుంది. అందుకే కప్లర్ ఊడదీసి చూస్తే వోల్టేజి నిండుగా కనిపిస్తుంది. 55 వాట్ల బల్బుకు మాత్రం నాలుగున్నర ఆంపియర్లు కావాలి. దారిలో అర ఓమ్ అడ్డు తగిలినా దాదాపు 2 వోల్టులు అక్కడే పోతాయి. హాలోజన్ బల్బుకు 12 బదులు 10 వోల్టులే అందితే వెలుగు సుమారు సగానికి పడిపోతుంది.

ఎర్త్ మీద అనుమానం రావాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. లో బీమ్ వేస్తే డ్యాష్‌బోర్డులో హై బీమ్ నీలం దీపం కూడా గుడ్డిగా వెలగడం. ఇండికేటర్ వేస్తే దాని తాళానికి హెడ్‌లైట్ కూడా ఊగడం. బానెట్ మీద గట్టిగా తడితే లైటు ఒక్క క్షణం వెలిగి పోవడం. వెళ్లాల్సిన దారి మూసుకుపోయినప్పుడు కరెంటు ఇంకో బల్బులోంచి దారి వెతుక్కుంటుంది, అందుకే ఈ చేష్టలు.

పరీక్ష ఇలా చేయాలి. కప్లర్ బల్బుకే ఉండాలి, లైటు ఆన్‌లో ఉండాలి. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ సీసపు పోస్టు మీదే ఆనించండి, దానికి బిగించిన వైరు క్లాంపు మీద కాదు. ఎర్ర ప్రోబ్‌ను కప్లర్ వెనుక నుంచి ఎర్త్ పిన్నుకు తగిలించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే బాగోలేదు. బల్బు అసలు వెలగకుండా అక్కడ 12 చూపిస్తే ఎర్త్ పూర్తిగా తెగిపోయిందని అర్థం. ఇక ఎర్ర ప్రోబ్‌ను ఒక్కో మజిలీ జరుపుతూ రండి: పిన్ను, ఎర్త్ వైరు చివరి రింగు, బోల్టు తల, పక్కన గీకిన బాడీ లోహం, బ్యాటరీ క్లాంపు. ఏ రెండింటి మధ్య అంకె ఒక్కసారిగా పడిపోయిందో తప్పు అక్కడే ఉంది.

బోల్టు దగ్గరైతే ఊడదీసి, రింగును రెండు వైపులా, కింది లోహాన్ని తెల్లగా మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దండి. పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించండి. బిగించాక పైన వాసెలిన్ పూయండి. రింగు మెరుస్తున్నా అంకె తగ్గకపోతే వైరు రింగులోకి నొక్కిన చోట చూడండి. పైన తొడుగు కొత్తదానిలా ఉంటుంది, లోపల రాగి ఆకుపచ్చగా కుళ్లి ఉంటుంది. రెండోసారి నేను మోసపోయింది దీనివల్లే, బోల్టును మూడుసార్లు రుద్దాను. మెరిసే రాగి వచ్చేదాకా వైరు కత్తిరించి కొత్త రింగు నొక్కడం తప్ప దానికి మందు లేదు.

బ్యాటరీ నెగటివ్ నుంచి ఎర్త్ పిన్నుకు నేరుగా వైరు పెట్టి చూసే పద్ధతి ఇంకా తేలిక. లైటు భగ్గుమంటే నేరం ఎర్త్‌దే. అయితే కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, హెచ్4 బల్బు (లో, హై ఫిలమెంట్లు రెండూ ఒకేదానిలో ఉండేది) ఉమ్మడి పిన్నుకు వచ్చేది పాజిటివ్. అక్కడ ఈ వైరు పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. కాబట్టి ముందు కప్లర్ ఊడదీసి, లైటు ఆన్ చేసి, బ్యాటరీ నెగటివ్‌కూ ఆ పిన్నుకూ మధ్య కొలవండి. 12 వస్తే అది ఎర్త్ పిన్ను కాదు, వైరు పక్కన పెట్టేయండి.

కప్లర్ కాలిపోయి ఉంటే

పిన్ను గోధుమ రంగులోకి తిరిగినా, ప్లాస్టిక్ కరిగి ముడుచుకున్నా కొత్త కప్లర్ వేయాల్సిందే. గీకి మళ్లీ పెడితే కొద్ది రోజుల్లో తిరిగి కాలుతుంది. 60/55 వాట్ల చోట 100/90 బల్బులు వేసుకున్న కార్లలోనే ఇది ఎక్కువ. అంత వెలుగు కావాలంటే వేరే రిలే, లావు వైర్లు వేసుకోవాలి. వేసుకున్నా ఎదుటివాళ్ల తిట్లు తప్పవు.

మిగిలినవి

కొత్త బల్బులు వారాల్లోనే పోతుంటే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద కొలవండి. 15 వోల్టులు దాటితే, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. హాలోజన్ తీసి ఎల్‌ఈడీ వేశాక వెలగడం మానేస్తే ముందు పాత హాలోజన్‌నే మళ్లీ పెట్టి చూడండి, తర్వాతే వైరింగును తిట్టండి. ఎలుకలు వైరు కొరకడం, కంట్రోల్ మాడ్యూల్ (లైట్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) చెడిపోవడం ఉంటాయి కానీ వాటితో మొదలుపెట్టకండి. మాడ్యూల్ పోయిందని ఎవరైనా అంటే ఎర్త్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో అడగండి. అంకె చెప్పలేకపోతే కారును అక్కడ వదలకండి. జెనాన్ లైట్లయితే ఇవేవీ చేయకండి. వాటి బ్యాలస్ట్ లైటు వెలిగించే క్షణంలో 20,000 వోల్టులకు పైగా పుట్టిస్తుంది, అది తెలిసినవాళ్లే ముట్టుకోవాలి.