పీజీఎస్-ఇండియా సేంద్రియ ధ్రువీకరణకు దరఖాస్తు: అయిదుగురి సమూహం ఎక్కడ ఆగిపోతుంది?

సంచి మీద ‘సేంద్రియం’ అని రాసి దుకాణాలకు అమ్మడానికి రైతు మాట ఒక్కటే చాలదు. 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనలు ఇందుకు రెండు ధ్రువీకరణలను గుర్తించాయి. ఎగుమతి చేసేవారు జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద ధ్రువీకరణ పొందాలి. దేశంలోనే అమ్ముకునేవారికి కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ పరిధిలోని పీజీఎస్-ఇండియా, అంటే రైతుల సమూహమే తోటి రైతుల పొలాలను పరిశీలించి హామీ ఇచ్చే పద్ధతి, సరిపోతుంది.

ఒకే ఊరివారో పక్క ఊళ్లవారో కనీసం అయిదుగురు రైతులు సమూహంగా ఏర్పడి, దరఖాస్తు, ప్రమాణ పత్రం, భూమి వివరాలు సిద్ధం చేసుకొని ప్రాంతీయ మండలి (సమూహాలను నమోదు చేసే సంస్థ) వద్ద నమోదు కావాలి. ఇంతవరకు పెద్ద ఇబ్బంది ఉండదు.

చిక్కంతా తోటి రైతుల పరిశీలన దగ్గరే వస్తుంది. ఒక్కో పొలాన్ని కనీసం ముగ్గురు చూడాలి, వారిలో ఒకరికైనా చదువు వచ్చి ఉండాలి. పైగా నా పొలాన్ని మీరు పరిశీలిస్తే మీ పొలాన్ని నేను పరిశీలించకూడదు. అయిదు పొలాలకు ముగ్గురేసి చొప్పున పదిహేను పరిశీలనలు అవసరం కాగా, అయిదుగురిలో ఏర్పడే జంటలు పదే, ఒక్కో జంటకు ఒక్క పరిశీలనే కుదురుతుంది. కాబట్టి నమోదుకు అయిదుగురు చాలినా, పరిశీలనకు వచ్చేసరికి ఒకరి పొలాన్ని ఒకరు చూసుకున్నట్టు రాయక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. ఏడుగురు ఉంటే ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది. అంతమంది దొరకకపోతే మరో సమూహం నుంచి పరిశీలకులను ముందే పిలుచుకోవడం మంచిది.

దళారులు చొరబడేది కూడా ఇక్కడే. ఖాళీ పత్రాల మీద సంతకాలు పెట్టించుకొని, ఎవరూ పొలంలో అడుగుపెట్టకుండానే అందరికీ ఒకే తేదీ, ఒకే చేతిరాతతో నింపి ఇస్తారు. తర్వాత తేడా బయటపడితే జవాబు చెప్పుకోవలసింది సంతకం చేసిన రైతులే గనుక, ఖాళీ కాగితం మీద ఎవరడిగినా సంతకం చేయవద్దు.

రసాయన ఎరువు గానీ పురుగుమందు గానీ చివరిసారి వాడిన తేదీని ఉన్నదున్నట్టు రాయండి. ఇటీవలే వాడారన్న కారణంతో దరఖాస్తు వృథా కాదు, రసాయనాల నుంచి సేంద్రియానికి మారే దశలో ఉన్న పొలానికి పీజీఎస్-గ్రీన్ ధ్రువపత్రం వస్తుంది. సాధారణంగా ఏడాదిలోపు కోతకొచ్చే పంటలకు 24 నెలలు, పండ్లతోటల వంటి బహువార్షికాలకు 36 నెలలు గడిచాక పీజీఎస్-ఆర్గానిక్ స్థాయి లభిస్తుంది. ధ్రువపత్రం చెల్లుబాటు పన్నెండు నెలలే కనుక, గడువు ముగియకముందే తర్వాతి పరిశీలనకు ఎవరు ఎవరి పొలానికి వెళ్లాలో సమూహ సమావేశంలో రాసి పెట్టుకోండి.