ఒక కరివేపాకు మనకు, ఒకటి వాటికి

మాది కాజీపేట. రైల్వేలో గూడ్స్ బండ్లు నడిపి రిటైరయ్యాను. ఇప్పుడు చేతినిండా టైమ్, ఇంటి ముందు గేటుకూ వరండాకూ మధ్య 40 గజాల జాగా. అక్కడ సీతాకోకచిలుకలు తిరగాలని ఆశపడి మొదటి ఏడాది అందరూ చేసే పనే చేశాను. నర్సరీకి పోయి ఆటో నిండా పూలమొక్కలు వేసుకొచ్చాను. పెటూనియాలు, డాలియాలు, ముద్దబంతి. పూలు విరగబూశాయి. సీతాకోకచిలుకలు మాత్రం గోడ మీంచి వచ్చి, ఒక చుట్టు చుట్టి, పక్కింటి పెరట్లోకి పోయేవి. అక్కడ చూడబోతే ఒక్క పూలమొక్క లేదు. ఉన్నదల్లా ఒక నిమ్మచెట్టు, గోడవారగా ఎవరూ నాటకుండానే మొలిచిన జిల్లేడు.

సంగతి అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. పువ్వు వాటికి టీకొట్టు లాంటిది. తాగి పోతాయి. కాన్పుకు పుట్టింటికి పోవాలి కదా, ఆ పుట్టిల్లు ఆకు. ఒక్కో రకానికి కొన్ని ఆకులే సరిపడతాయి. ఆ ఆకు దొరికితేనే గుడ్లు పెడతాయి, పిల్లలు ఆ ఆకే తింటాయి. కాబట్టి మీ ఇంట్లో ఆకులు చిల్లులు పడటం ఇష్టం లేకపోతే ఇక్కడే ఆగిపోండి. ముద్దబంతి చాలు మీకు.

మొదటి మొక్క కరివేపాకు. దీని మీద కామన్ మార్మన్ అనే నల్లటి పెద్ద సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. మగదానికి వెనక రెక్కల మీద తెల్లచుక్కల వరస ఉంటుంది. ఆడవాటిలో కొన్ని ఎర్రమచ్చలతో వేరే జాతి అనిపిస్తాయి. అదో వేషం. కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే రెండు రకాలను పక్షులు చేదని ముట్టవు. ఈ ఆడవి వాటి చీర కట్టుకుని తిరుగుతాయి. నేను మూడు నెలలు వేరే జాతి అనుకునే రాసుకున్నాను.

కరివేపాకు గింజతో పెంచాలంటే నల్లగా పండిన కాయ గుజ్జు తీసి, ఆ వారంలోనే నాటాలి. ఎండబెట్టి దాచిన గింజ మొలవదు. అంతకంటే సులువు, పెద్ద చెట్టు మొదట్లో వచ్చే పిలకను వేరుతో సహా తవ్వి తెచ్చుకోవడం. నేలలో జాగా లేకపోతే 20 లీటర్ల పెయింట్ డబ్బా చాలు. అడుగున నాలుగైదు బొక్కలు, సగం ఎర్రమట్టి, పావు మాగిన పశువుల ఎరువు, పావు ఇసుక. రోజుకు కనీసం ఐదు గంటలు ఎండ తగిలే చోటు పెట్టండి. ఒళ్లు వేడెక్కితే తప్ప సీతాకోకచిలుక ఎగరలేదు, నీడలో పెట్టిన మొక్క దగ్గరికి తక్కువగా వస్తుంది.

రెండు మొక్కలు పెట్టండి. ఇది మా ఇంట్లో గొడవపడి నేర్చుకున్న పాఠం. ఆషాఢంలో ఒకరోజు పొద్దున లేచి చూస్తే చెట్టుకు ఈనెలు తప్ప ఏమీ లేవు. "చారులోకి నాలుగు రెబ్బలు కూడా మిగల్చలేదు నీ పురుగులు" అని మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు వంటింటి కిటికీ దగ్గరున్నది ఆమెది, గేటు పక్కది నాది. ఆమె చెట్టు మీద పురుగు కనిపిస్తే ఆకుతో సహా తుంచి నా చెట్టు మీద పెడతాను. చెయ్యి తగలనక్కర్లేదు, అదే పాకి వెళ్తుంది.

పురుగును గుర్తుపట్టడం ఎలా? లేత చిగుళ్ల మీద ఆవగింజ కంటే చిన్నగా, లేత పసుపు గుండ్రటి గుడ్డు ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, నల్లగా మధ్యలో తెల్లమరక. నేను మొదటిసారి గుడ్డతో తుడిచేశాను కూడా. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో కదిపితే తల వెనక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. భయపడకండి. దానికి కుట్టడం, కరవడం తెలియదు. ఇంట్లో వాళ్లు గొంగళిపురుగు అంటే దురద అని హడలిపోతారు. దురద తెప్పించేవి ఒళ్లంతా వెంట్రుకలుండేవి, మునగచెట్టు కాండం మీద గుంపులుగా పాకేవి. అవి మాత్‌లు అనే వేరే రెక్కల పురుగుల పిల్లలు. కరివేపాకు మీదవి నున్నగా ఉంటాయి.

నిమ్మ మీద లైమ్ అనే పసుపు-నలుపు గళ్లది వస్తుంది. పిల్లలు దాదాపు ఇలాగే ఉంటాయి. మారేడు మీద కూడా పెడుతుంది. నిమ్మ విషయంలో ఒక దెబ్బ తిన్నాను. కరివేపాకు అయిపోయిందని ఓ నర్సరీ నుంచి నిగనిగలాడే నిమ్మ మొక్క తెచ్చి, తొమ్మిది పురుగుల్ని దాని మీదికి మార్చాను. మర్నాటికి తొమ్మిదీ నల్లబడి వేలాడుతున్నాయి. ఆకుకు చిన్న మచ్చ కూడా లేని మొక్క అంటే మందు కొట్టిన మొక్క అని అప్పుడు తెలిసింది. కొన్ని మందులు ఆకు లోపలికే ఎక్కుతాయి, కడిగినా పోవు. అప్పటి నుంచి కొన్న మొక్కను రెండు మూడు నెలలు వేరుగా ఉంచి, పాత ఆకులు దూసేసి, కొత్త చిగురు వచ్చాకే నా వరుసలో పెడుతున్నాను.

మన ఇంట్లో కూడా ఏ మందూ వద్దు. వేపనూనె సహజమైందే కదా అంటారు. సహజమైందే, కానీ అది తగిలిన ఆకును పురుగు తినదు. తిన్నా కుబుసం సరిగ్గా విడవలేక చస్తుంది. వేపనూనె కొడుతూ సీతాకోకచిలుకలు రావట్లేదని అడిగేవాళ్లు నాకు వారానికి ఒకరైనా తగులుతారు.

ఇక జిల్లేడు. ఇంట్లో జిల్లేడు ఏంటని మా అన్నయ్య ఇప్పటికీ విసుక్కుంటాడు. రథసప్తమికి ఏడు ఆకులు కావాలన్నప్పుడు మాత్రం మా ఇంటికే వస్తాడు. ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగుది దీని కోసం పడి చస్తుంది. ఆకు అడుగున ఒక్కొక్కటిగా తెల్లగుడ్డు పెడుతుంది. పురుగుకు నలుపు, తెలుపు, పసుపు చారలు, మూడు జతల నల్లటి మీసాలు. దాక్కోదు, ఆకు నడిమధ్య దర్జాగా కూర్చుంటుంది. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో ఉంటుంది కాబట్టి పక్షులు జోలికి పోవు.

జిల్లేడు పెంచడానికి శ్రమేమీ లేదు. బొటనవేలంత లావు కొమ్మ జానెడు కోసి, పాలు ఆరేదాకా ఒక రోజు నీడలో ఉంచి గుచ్చండి. నీళ్లు ఎక్కువైతే కుళ్లుతుంది. కోసేటప్పుడు కళ్లు జాగ్రత్త. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చిన్నపిల్లలున్న ఇల్లయితే వాళ్లకు అందని మూలన పెట్టుకోండి. చిగుళ్లకు పట్టే పసుపు పేనును చూసి మందు కోసం పరిగెత్తకండి. గుడ్లు లేని కొమ్మలు చూసుకుని పైపు నీళ్లతో గట్టిగా కొడితే రాలిపోతుంది.

మిగతావి ఒక్క మాటలో చెప్తాను. ఆముదం మీద కామన్ క్యాస్టర్, ఎర్ర గన్నేరు మీద కామన్ క్రో. ఆ క్రో పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు వెండి పూత పూసిన జూకాలా వేలాడుతుంది, చూసి తీరాలి. కుండీల్లో దానంతటదే వచ్చే గంగవాయిలి కూరను మొత్తం పప్పులో వేసుకోకుండా ఒక గుప్పెడు వదిలితే డానాయిడ్ ఎగ్‌ఫ్లై వస్తుంది. నలుపు మీద తెల్ల చందమామలున్నది మగది. ఆడది ప్లెయిన్ టైగర్ వేషంలో ఉంటుంది. వీటిలోనూ వేషాలే.

టీకొట్లు కూడా కావాలి, కాదనను. ముద్దగా రేకులు కుక్కిన హైబ్రిడ్ పూలలో నాలుక దూర్చే దారి ఉండదు. ఒంటి వరస రేకుల బంతి, జినియా, పెంటాస్, నూరు వరహాలు, బిళ్లగన్నేరు పెట్టండి. గునుగు విత్తనాలు తొలకరికి చల్లితే చాలు. గడ్డిచామంతిని కలుపు అని పీకకండి, చిన్న రకాలకు దాన్ని మించింది లేదు. లాంటానా మాత్రం నేను పెట్టను. సీతాకోకచిలుకలు మూగే మాట నిజమే, కానీ పిట్టలు ఆ పండ్లు తిని గింజల్ని అడవుల్లో వేస్తాయి, అక్కడ అది మిగతా మొక్కల్ని మింగేస్తుంది.

ఒక మట్టి మూకుడులో ఇసుక, గుప్పెడు పేడ ఎరువు వేసి రోజూ తడుపుతూ ఉండండి. మగవి ఉప్పు, ఖనిజాల కోసం దాని మీద వాలి పీలుస్తాయి. జనుము మొక్క రెండు మూడు కొమ్మలు విరిచి ఎండేలా వేలాడదీస్తే బ్లూ టైగర్లు ఆ వాడిన ఆకుల కోసం వస్తాయి. అదేం పిచ్చి అనుకున్నాను గానీ, అందులోని రసాయనం మగవాటికి ఆడవాటిని రప్పించుకునే అత్తరు తయారీకి అవసరమట.

పురుగు బాగా పెద్దయ్యాక తిండి మానేసి, పలచటి విరేచనం చేసి మొక్క దిగి పోతుంది. పోయిందని కంగారు పడొద్దు. గోడ, గేటు, చెప్పుల స్టాండ్ వెతకండి. కామన్ మార్మన్ గూడు నడుముకు దారం కట్టుకుని నిలబడినట్టు ఉంటుంది. పచ్చటి కొమ్మ మీదైతే పచ్చగా, ఎండు కర్ర మీదైతే గోధుమ రంగులో. మా గేటు బోల్టు దగ్గర గూడు కట్టుకుందని పది రోజులు ఒక్క తలుపే తీసి తిరిగాం. గూటికి చిన్న బొక్క పడి ఉంటే కందిరీగ జాతి చిన్న పురుగు లోపల తినేసిందని అర్థం. అలాంటివి చాలానే పోతాయి, నా లెక్కలో సగానికి పైనే. కొన్నాళ్లు డబ్బాల్లో దోమతెర కట్టి పెంచాను, తర్వాత మానేశాను. కుండీల కింద నీళ్ల పళ్లెం పెట్టి చీమల్ని ఆపడం వరకే చేస్తున్నాను. కోతుల్ని ఆపే ఉపాయం మాత్రం కాజీపేటలో ఎవరి దగ్గరా లేదు.

చివరిగా తంగేడు. గింజ పెంకు గట్టిది. మరిగిన నీళ్లు దించి, గింజలు వేసి, రాత్రంతా నాననిచ్చి నాటండి. తంగేడు, రేల, కసింద, ఏది పెట్టినా ఎమిగ్రెంట్ అనే లేత పసుపు, లేత ఆకుపచ్చ రకాలు వస్తాయి. అవి వచ్చేది ఆకు కోసం. తంగేడు పువ్వులో తేనె ఉండదు. ఈ సంగతి బతుకమ్మ రోజుల్లో నాకు బాగా పనికొస్తుంది. సరిగ్గా వానలు తగ్గి సీతాకోకచిలుకలు ముమ్మరంగా ఉన్నప్పుడే వీధిలోని ఆడవాళ్లంతా గేటు ముందుకు వస్తారు. "పూలు ఎన్నయినా కోసుకోండమ్మా, కొమ్మ మాత్రం విరవకండి, గుడ్లున్నాయి" అంటాను. గునుగు దగ్గరే బేరం. సగం బతుకమ్మకు, సగం వాటికి అంటాను నేను. మా ఆవిడ అవతలి పక్షం. పోయినసారి ముప్పాతిక పోయింది.