ముక్తినాథ్ ప్రయాణానికి ముందు: ఎత్తు, చన్నీళ్లు, కొండ దారి

నేపాల్ ముస్తాంగ్ జిల్లాలోని ముక్తినాథ్, విష్ణు క్షేత్రాలైన 108 దివ్యదేశాల్లో ఒకటి. మన వైపు నుంచి పెద్ద వయసువాళ్లు చాలామంది వెళ్తుంటారు. వీసా అక్కర్లేదు, ఖర్చు తక్కువ, పోఖరాలో జీపు ఎక్కితే గుడి దగ్గర ఊరిదాకా వెళ్లిపోవచ్చు. ఆ సులువే ముప్పు తెస్తుంది. పోఖరా సుమారు 820 మీటర్ల ఎత్తులో ఉంది, ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటి ఉంది. ఒక్క రోజులో అంత పైకి వెళ్తే గాలిలో తగ్గిన ఆక్సిజన్‌కు ఒంటికి అలవాటుపడే వ్యవధి ఉండదు.

కాబట్టి దారిలో రెండు రాత్రులు ఆగండి. మొదటి రాత్రి తాతోపానీలో (సుమారు 1,200 మీటర్లు), రెండో రాత్రి మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో (దాదాపు 2,700). మూడో రోజు పొద్దున్నే పైకి వెళ్లి, దర్శనం చేసుకుని, మళ్లీ జోమ్‌సోమ్ దిగి పడుకోండి. గుడి కింద ఉన్న రాణీపౌవాలో రాత్రి బస పెట్టే ప్యాకేజీ అయితే, పెద్దవాళ్లున్నప్పుడు దాన్ని మార్పించుకోండి. విమానంలో జోమ్‌సోమ్ చేరినవాళ్లు ఆ రోజు పైకి వెళ్లకూడదు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, కళ్లు తిరగడం ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు మొదటి గుర్తులు. దీన్ని గ్యాస్ అనో ప్రయాణ బడలిక అనో కొట్టిపారేయడం వల్లే ప్రాణాల మీదకు వస్తుంది. ఆ గుర్తులుంటే ఇంకా పైకి పోవద్దు. నడక తూలినా, మాట తికమకపడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకండి, అప్పటికప్పుడు కిందికి దించండి. ఆక్సిజన్ సిలిండర్ ఉంటే పట్టండి, కానీ అది ఉంది కదా అని దించడం ఆపొద్దు. వేలికి పెట్టే ఆక్సీమీటరు ఆ ఎత్తులో 88 చూపించినా ఆశ్చర్యం లేదు. అంకెకన్నా మనిషి ఎలా ఉన్నాడో చూడండి.

ఈ జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ (డయామాక్స్) మాత్ర సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు, డాక్టరును అడగాలి. నిద్రమాత్రలు, మద్యం వద్దు.

గుడి వెనక 108 ధారలు, ముందు రెండు కుండాలు. నీళ్లు మంచులా ఉంటాయి. ధారల కింద పరుగెత్తి వెంటనే కుండంలో మునగడం చాలామంది చేసే పనే. అంత చలి ఒక్కసారిగా తగిలితే ఊపిరి బిగుసుకుంటుంది, బీపీ ఎగుస్తుంది. గుండె జబ్బున్నవాళ్లు నీళ్లు తలమీద చల్లుకుంటే చాలు. స్నానం చేసేవాళ్లు నెమ్మదిగా నడవండి, పొడి బట్టలు, తువ్వాలు పట్టుకుని ఒకరు పక్కనే ఉండాలి. జీపు దిగాక గుడిదాకా ఎక్కుడు ఉంటుంది, మోకాళ్లు నొప్పైతే గుర్రం మాట్లాడుకోండి.

కాళీగండకి లోయలో పొద్దెక్కేకొద్దీ గాలి ఉద్ధృతమవుతుంది. అందుకే జోమ్‌సోమ్ విమానాలు ఉదయం పూటే, అవీ వాతావరణాన్ని బట్టి రద్దవుతాయి. తిరుగు రైలు, విమానం టికెట్లకు ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఆ గడువు లేకపోతేనే రాత్రి పూట జీపు నడపమని డ్రైవరును ఒత్తిడి చేస్తారు, ఆ దారిలో అంతకన్నా పెద్ద పొరపాటు లేదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు బేనీ, తాతోపానీ, ఘాసా మధ్య కొండచరియలు విరిగిపడుతుంటాయి. ముక్తినాథ్‌లో వాన తక్కువే అయినా దారి మూసుకుపోతుంది. మార్చి నుంచి మే, అక్టోబరు, నవంబరు మంచి నెలలు.

మంచి నెలలోనూ బంగాళాఖాతం మీద కన్నేసి ఉంచండి. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను శేషమే రెండు రోజులకు ముక్తినాథ్ పైనున్న థోరోంగ్ లా కనుమ దగ్గర మంచు తుపానై, ఆ ప్రాంతంలో 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. మన తీరంలో తుపాను హెచ్చరిక ఉంటే పోఖరాలోనే ఆగండి.

విమానంలో నేపాల్ వెళ్లే 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు కావాలి, ఆధార్ ఒక్కటే చాలదు. రూ. 100 నోట్లు ఎక్కువగా ఉంచుకోండి, 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు 4,000 మీటర్ల ఎత్తు వరకు, హెలికాప్టర్‌లో దించే ఖర్చుతో సహా వర్తిస్తుందని పత్రంలో రాసి ఉందో లేదో చదివి, బీమా నంబరు తోటివాళ్ల ఫోన్లలో కూడా వేయండి.